ఫోన్ మోగితే రెండు గంటలు: లగార్డియా రిజర్వ్ పైలట్ ఆరు రోజులు

ఫిబ్రవరి నెల. బేస్, అంటే డ్యూటీ మొదలయ్యే ఎయిర్‌పోర్టు, న్యూయార్క్ లగార్డియా. విమానం 76 సీట్ల ఎంబ్రాయర్ 175, సీటు కుడివైపుది. సీనియారిటీ జాబితాలో అడుగున ఉన్న ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్. ఇల్లు నార్త్ కరోలినాలో, రాలీ పక్కన కేరీలో. తెలుగువాళ్లు బాగా ఉన్న ఊరే కాబట్టి పేరు కొత్తగా అనిపించదు. పైలట్ల కోరికలు తీసుకునే బిడ్డింగ్ సాఫ్ట్‌వేర్ నెల మొత్తానికి సీనియర్లకు ట్రిప్పులు పంచాక మిగిలినవాళ్లకు దక్కేది రిజర్వ్. అంటే ఎక్కడికి వెళ్తామో, వెళ్తామో లేదో ముందు తెలియదు. ఎవరికో జ్వరం వస్తేనో, ఏ విమానమో మొరాయిస్తేనో, ఏ సిబ్బందికో చట్టం ఇచ్చిన పని గంటలు అయిపోతేనో ఫోన్ మోగుతుంది.

ఇక్కడ రాసిన ఆరు రోజులు ఏ ఒక్కరివో కావు. అమెరికా రీజనల్ ఎయిర్‌లైన్లలో చలికాలం రిజర్వ్ ఎలా నడుస్తుందో అలా పేర్చినవి. చట్టంలోని అంకెలు అందరికీ ఒకటే. ఎన్ని నిమిషాల్లో ఫోన్ ఎత్తాలి, ఎన్ని గంటల్లో గేటు దగ్గర ఉండాలి, నెలకు ఎన్ని సెలవు రోజులు అన్నవి మాత్రం కంపెనీ కాంట్రాక్టును బట్టి మారతాయి.

ముందు రోజు: రాలీ నుంచి లగార్డియా

డ్యూటీ రేపు తెల్లవారుజామున 4 గంటలకు మొదలు. కాబట్టి ప్రయాణం ఈరోజే. ఈ ప్రయాణానికి జీతం లేదు, లెక్కా లేదు. ఇంటి నుంచి బేస్‌కు రావడం పైలట్ సొంత వ్యవహారమని చట్టం వదిలేసింది. డ్యూటీకి ముందు 10 గంటల విశ్రాంతి ఇవ్వాలంటే కంపెనీ ఇచ్చినట్టే. ఆ 10 గంటల్లో మూడు గంటలు ఎయిర్‌పోర్టులో నిలబడి గడిపితే అది పైలట్ సమస్య.

టికెట్టు కొనరు. ప్రయాణికుల సీటు ఖాళీ ఉంటే అది, లేకపోతే కాక్‌పిట్‌లో మడతపెట్టే జంప్ సీటు. ఎంబ్రాయర్ 175లో అది ఒక్కటే. అదే విమానానికి ఇద్దరు పైలట్లు వచ్చారంటే ఒకరు వెనక్కి తిరగాల్సిందే. పద్ధతి ఇది: యాప్‌లో పేరు నమోదు, గేటు దగ్గరికి కనీసం ముప్పావుగంట ముందే చేరిక, ఐడీ కార్డు, లైసెన్సు, మెడికల్ సర్టిఫికెట్ చేతిలో. గేట్ ఏజెంట్ కంప్యూటర్‌లో ఉద్యోగ వివరాలు సరిచూస్తారు. తర్వాత కాక్‌పిట్ గుమ్మం దగ్గర ఆగి కెప్టెన్‌ను అడగాలి, "సర్, మీ విమానంలో రావచ్చా?" అని. వెనక సీటు దొరికినా సరే ఈ అడగడం మానకూడదు. కెప్టెన్ కాదంటే కాదు. ఇది మర్యాద మాత్రమే అనుకునే కొత్తవాళ్లు ఉంటారు. నిజానికి కాక్‌పిట్‌లో ఎవరు కూర్చోవాలన్నది నిబంధనల ప్రకారమే కెప్టెన్ నిర్ణయం.

చలికాలంలో ఇక్కడ దెబ్బతీసేది బరువు. లగార్డియాలో మంచు అంటే గమ్యానికి ప్రత్యామ్నాయంగా మరో ఎయిర్‌పోర్టుకు సరిపడా అదనపు ఇంధనం వేస్తారు. ఆ బరువుకు చిన్న విమానాల్లో సీట్లు ఖాళీగా ఉన్నా "వెయిట్ రిస్ట్రిక్టెడ్" అని ఆపేస్తారు. అందుకే తెలిసినవాళ్లు ఆఖరి విమానం మీద ఆశ పెట్టుకోరు. చాలా కాంట్రాక్టుల్లో ఒక వెసులుబాటు ఉంటుంది: వేళకు చేర్చగల రెండు విమానాలకు ప్రయత్నించి, రెండూ దొరక్కపోతే గైర్హాజరు శిక్ష ఉండదు. కానీ ఆ రెండిటికీ పేరు నమోదు చేసినట్టు, మొదటిది తప్పిన వెంటనే షెడ్యూలింగ్‌కు (సిబ్బందికి పనులు కేటాయించే విభాగానికి) చెప్పినట్టు రుజువు ఉండాలి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం మంచిది.

లగార్డియాలో దిగాక క్యూ70 బస్సు ఉచితం. జాక్సన్ హైట్స్ స్టేషన్‌లో దిగి, ఈ లేదా ఎఫ్ రైలు పట్టుకుంటే క్యూ గార్డెన్స్. లగార్డియా, కెనడీ ఎయిర్‌పోర్టులు రెండింటికీ మధ్యలో ఉంటుంది కాబట్టి విమాన సిబ్బంది అద్దె గదులు ఇక్కడ ఏళ్లుగా ఉన్నాయి. వాటినే క్రాష్ ప్యాడ్ అంటారు. ఒక గదిలో నాలుగు నుంచి ఎనిమిది బంకు మంచాలు. రెండు రకాల అద్దె ఉంటుంది. ఒకటి, మంచం మీ ఒక్కరికే, దుప్పటి అక్కడే వదిలేయొచ్చు. రెండోది, ఖాళీగా ఉన్న మంచం ఏదైతే అది, దుప్పటి దిండు గలేబు ఎవరివి వాళ్లు ప్లాస్టిక్ డబ్బాలో దాచుకోవాలి. రెండోది చౌక. రిజర్వ్‌వాళ్లు నెలకు పదిహేను రాత్రులు ఇక్కడే పడుకుంటారు కాబట్టి వాళ్లకు మొదటిదే మేలు. కింది బంకు దొరికితే వదలకూడదు, తెల్లవారుజామున మూడింటికి నిచ్చెన కిర్రుమంటే గదంతా లేస్తుంది.

మొదటి రోజు: క్యూ గార్డెన్స్, ఫోన్ పక్కన

షార్ట్ కాల్ రిజర్వ్, తెల్లవారుజామున 4 నుంచి సాయంత్రం 6 వరకు. 14 గంటలు. చట్టం అనుమతించే గరిష్ఠం అదే. ఫోన్ వస్తే పది పదిహేను నిమిషాల్లో ఎత్తాలి లేదా తిరిగి చేయాలి, రెండు గంటల్లో యూనిఫాంతో ఎయిర్‌పోర్టులో ఉండాలి.

ఈ ఉద్యోగంలో కొత్తవాళ్లు ముందు నేర్చుకోవాల్సిన లెక్క ఒకటుంది. పైలట్ల పని గంటలు, విశ్రాంతి గురించిన ఫెడరల్ నిబంధనలు పార్ట్ 117లో ఉన్నాయి. అందులో ఫ్లైట్ డ్యూటీకి, అంటే రిపోర్ట్ చేసినప్పటి నుంచి ఆఖరి విమానం ఆగేదాకా, ఒక పట్టిక ఉంది. రిపోర్ట్ చేసిన గంటను బట్టి, ఎన్ని విమానాలు నడపాలన్నదాన్ని బట్టి పరిమితి మారుతుంది. ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 12 లోపు రిపోర్ట్ చేస్తే, రెండు విమానాలకు 14 గంటలు. అదే తెల్లవారుజామున 4 తర్వాత 5 లోపు చేస్తే 10 గంటలే. అర్ధరాత్రి దాటాక 4 లోపు అయితే 9. ఇది రిజర్వ్‌లో లేని పైలట్‌కు. రిజర్వ్‌కు ఇంకో కత్తెర ఉంది: షార్ట్ కాల్ మొదలైన క్షణం నుంచి లెక్కపెట్టి, పట్టికలోని గంటలకు 4 కలిపితే వచ్చేది, లేదా 16 గంటలు, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అక్కడికి డ్యూటీ ముగియాలి.

వేసి చూద్దాం. ఉదయం 9కి ఫోన్ వచ్చింది, 11కి రిపోర్ట్, రెండు విమానాలు. పట్టిక ప్రకారం రాత్రి 1 వరకు నడపొచ్చు. కానీ షార్ట్ కాల్ 4కే మొదలైంది. దానికి 16 కలిపితే రాత్రి 8. చేతిలో ఉన్నవి 14 కాదు, 9 గంటలే. అదే మధ్యాహ్నం 2కి ఫోన్ వస్తే 4కి రిపోర్ట్, మిగిలేది నాలుగు గంటలు. ఒక చిన్న వెళ్లిరావడానికి కూడా బిగుతే. కాబట్టి పొద్దున 4 గంటల రిజర్వ్‌కు ఫోన్ మోగే అవకాశం పొద్దున్నే ఎక్కువ, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక బాగా తగ్గుతుంది. సాయంత్రం ట్రిప్పులకు షెడ్యూలర్ పది గంటలకు మొదలైనవాళ్లనే చూస్తారు.

ఈ లెక్క తెలిస్తే నిద్ర ఎప్పుడన్నది తేలుతుంది. 4కి అలారం పెట్టుకుని లేచి కూర్చోవడం అందరూ చేసే తప్పు. ఫోన్ వచ్చేదాకా పడుకుని ఉండటమే ఈ పని. రింగ్ గట్టిగా పెట్టి, డు నాట్ డిస్టర్బ్‌లో షెడ్యూలింగ్ నంబర్లన్నిటికీ మినహాయింపు ఇచ్చి, ఫోన్ దిండు పక్కన. షెడ్యూలింగ్ ఒకటి కంటే ఎక్కువ నంబర్ల నుంచి ఫోన్ చేస్తుంది. ఒక్కటే సేవ్ చేసుకుని, రెండోది సైలెంట్‌లో పోయి, మిస్సయిన కాల్ కింద నమోదైనవాళ్లు చాలామంది.

బ్యాగు మాత్రం రాత్రే సిద్ధం. నాలుగు రోజులకు సరిపడా: తెల్ల చొక్కాలు మూడు, టై, ఎపాలెట్లు (భుజం పట్టీలు), థర్మల్స్, రెయిన్ జాకెట్, చేతి తొడుగులు, హెడ్‌సెట్, రెండు టార్చిలైట్లు, చార్టుల ఐప్యాడ్‌కు అదనపు బ్యాటరీ. ఒక రోజు ట్రిప్పు అని పిలిచినా బ్యాగు నాలుగు రోజులదే ఉండాలి. ఎందుకో నాలుగో రోజు తెలుస్తుంది.

రెండు గంటల దూరంలో ఎక్కడైనా తిరగొచ్చు, బ్యాగు, యూనిఫాం వెంట ఉంటే. ఫ్లషింగ్‌లోని బౌన్ స్ట్రీట్ గణపతి గుడి లగార్డియాకు దగ్గరే. గుడి కింది క్యాంటీన్‌లో దోసె, ఇడ్లీ దొరుకుతాయి. డొమెస్టిక్ టెర్మినల్‌లో శాండ్‌విచ్ ధరతో పోలిస్తే ఇక్కడ కడుపు నిండుతుంది. పైగా పర్ డీమ్ అనే భోజన భత్యం ట్రిప్పులో ఉన్నప్పుడే వస్తుంది. క్రాష్ ప్యాడ్‌లో తిన్న తిండి సొంత జేబులోంచే.

జీతం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రిజర్వ్‌కు నెలకు ఇన్ని గంటలని కనీస హామీ, సాధారణంగా 75కు అటూ ఇటూ. ఫోన్ ఒక్కసారీ మోగకపోయినా అది వస్తుంది. బయటివాళ్లకు అది ఊరికే వచ్చే డబ్బులా కనిపిస్తుంది. కొత్త ఫస్ట్ ఆఫీసర్‌కు మాత్రం నడపకపోవడమే పెద్ద ప్రమాదం. చెక్ రైడ్ (విమానం నడిపే పరీక్ష) పాసయ్యాక 120 రోజుల్లో ఆ విమానంపై 100 గంటలు నడపాలి. 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు లేకపోతే సిమ్యులేటర్‌కు పంపాలి. అందుకే కుర్చీలో కూర్చుని ఎదురుచూసేకంటే "ఏదైనా ఉంటే నాకివ్వండి" అని ముందే షెడ్యూలింగ్‌కు నమోదు చేసుకునే వీలు కొన్ని కంపెనీల్లో ఉంటుంది. వాడుకోవాలి.

సాయంత్రం 5కి మెసేజ్: "రేపు 5 గంటలకు ఎయిర్‌పోర్ట్ స్టాండ్‌బై. ఇప్పటి నుంచి విడుదల." రిపోర్ట్‌కు 12 గంటలుంది. పది గంటల నిబంధన చక్కగా సరిపోయింది. ఈ విశ్రాంతిలో ఫోన్ వచ్చినా ఎత్తాల్సిన పని లేదు. ఎత్తకపోవడం తప్పు కాదు, హక్కు.

రెండో రోజు: లగార్డియా – బఫెలో – లగార్డియా

3 గంటలకు లేవాలి. ఆ వేళలో రైళ్లు తక్కువ, ప్లాట్‌ఫాం మీద ఇరవై నిమిషాలు ఎదురుచూడాల్సి రావచ్చు. నలుగురు కలిసి కారు మాట్లాడుకుంటే తలా కొద్ది డాలర్లు. 5కి ముందు సిబ్బంది గదిలో సంతకం.

ఎయిర్‌పోర్ట్ స్టాండ్‌బైలో గంటలు మొదటి నిమిషం నుంచీ ఫ్లైట్ డ్యూటీ కిందే లెక్క. ఉదయం 5కి మొదలైతే రెండు విమానాలకు పరిమితి 12 గంటలు, అంటే సాయంత్రం 5. గదిలో కునుకు తీసినా గడియారం ఆగదు. కంపెనీలు స్టాండ్‌బైని ఎందుకు పెట్టుకుంటాయంటే, గేటు దగ్గర ఎవరో ఆగిపోతే రెండు గంటలు కాదు, పదిహేను నిమిషాల్లో మనిషి కావాలి.

9:40కి పిలుపు. బఫెలో వెళ్లే విమానం, ప్రయాణికులు ఎక్కేశారు, ఫస్ట్ ఆఫీసర్‌కు ఒంట్లో బాగాలేక దిగిపోయారు. ఇలాంటి చోటే తప్పులు జరుగుతాయి. గేట్ ఏజెంట్ చూపులు, కెప్టెన్ సగం చేసిన పని, ముందున్న ఫస్ట్ ఆఫీసర్ సగం చేసిన పని. ఎవరు ఎంతవరకు చేశారో నమ్మకూడదు. వరస ఇది: డిస్పాచ్ రిలీజ్ (విమానం బయలుదేరడానికి కంపెనీ ఇచ్చే అనుమతి పత్రం) చదివి "డ్యూటీకి ఫిట్‌గా ఉన్నాను" అని ఒప్పుకోలు, మెయింటెనెన్స్ లాగ్‌బుక్‌లో వాయిదా వేసిన మరమ్మతులు, తర్వాత బయట ఒక చుట్టు. ముందతను తిరిగాడని చెప్పినా మళ్లీ తిరగాలి. బయటి గాలిని కొలిచే ప్రోబ్‌ల కవర్లు తీసి ఉన్నాయా, టైర్ల కోతలు, బ్రేకుల అరుగుదల చూపే పిన్నులు, ఇంజిన్ ఫ్యాన్ బ్లేడ్ల మీద మంచు. లోపలికి వచ్చాక ఫ్లైట్ కంప్యూటర్‌లో వేసిన రూటును ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ఇచ్చిన క్లియరెన్స్‌తో పాయింటు పాయింటుగా సరిచూడటం. ఐదు నిమిషాలు ఆలస్యమవుతుంది. కానీయాలి.

ఈ ఫస్ట్ ఆఫీసర్‌కు ఈ విమానంపై 88 గంటలు. ఆ అంకె రిజర్వ్‌లో అడుగడుగునా అడ్డొస్తుంది. ఇద్దరిలో ఒక్కరికైనా ఆ టైప్‌పై 75 గంటలు లేకపోతే ఇద్దరినీ కలిపి వేయకూడదు. అంటే 75 దాటేదాకా కొత్త కెప్టెన్ల ట్రిప్పులకు షెడ్యూలర్ పిలవరు. 75 దాటినా 100 నిండేదాకా ఇంకో మెట్టు: చెక్ పైలట్ (మిగతా పైలట్లను పరీక్షించే పైలట్) కాని కెప్టెన్‌తో వెళ్తే, కొన్ని పరిస్థితుల్లో టేకాఫ్, ల్యాండింగ్ కెప్టెనే చేయాలి. రన్‌వేపై మంచు, బురద ఉన్నప్పుడు, బ్రేకింగ్ "గుడ్" కంటే తక్కువున్నప్పుడు, విజిబిలిటీ ముప్పావు మైలుకు మించనప్పుడు, పక్కగాలి 15 నాట్లు దాటినప్పుడు.

బఫెలోలో ఈరీ సరస్సు మీద నుంచి వచ్చే మంచు. అందుకని ల్యాండింగ్ కెప్టెన్‌ది. తిరిగి బయలుదేరే ముందు డీ-ఐసింగ్. ముందు వేడి చేసిన నారింజ రంగు టైప్ 1 ద్రవం, అది ఉన్న మంచును కరిగించి తోస్తుంది. మంచు ఇంకా పడుతుంటే దానిపైన ఆకుపచ్చ టైప్ 4, చిక్కగా రెక్కకు పట్టుకుని కొత్త మంచును అంటనివ్వదు. చల్లే ముందు చెక్‌లిస్ట్ ప్రకారం క్యాబిన్‌కు గాలి పంపే బ్లీడ్ ఆపాలి, లేకపోతే ద్రవం పొగ, వాసన ప్రయాణికుల ముక్కులకు తగులుతుంది. ద్రవం ఎంతసేపు కాపాడుతుందో చెప్పే హోల్డోవర్ సమయం మొదలయ్యేది ఆఖరి విడత చల్లడం మొదలైనప్పుడు, ముగిసినప్పుడు కాదు. ఈ తేడా పట్టించుకోకుండా లెక్కేస్తే ఐదారు నిమిషాలు ఎక్కువ చూపిస్తుంది. మంచు జోరుగా ఉంటే ఆ ఐదారు నిమిషాలే రెక్క శుభ్రంగా ఉండటానికీ లేకపోవడానికీ తేడా.

బఫెలో పేరు రిజర్వ్ పైలట్లకు ఇంకో రకంగా తెలుసు. 2009 ఫిబ్రవరి 12 రాత్రి నెవార్క్ నుంచి ఇక్కడికి వస్తున్న కోల్గన్ ఎయిర్ 3407 విమానం క్లారెన్స్ సెంటర్‌లో ఒక ఇంటి మీద కూలింది. విమానంలో 49 మంది, ఇంట్లో ఒకరు చనిపోయారు. వేగం పడిపోయి, రెక్కలు విమానాన్ని మోయలేని స్టాల్ స్థితి రాబోతోందని హెచ్చరిక వచ్చినప్పుడు కెప్టెన్ స్పందన తప్పిందని దర్యాప్తు తేల్చింది. దాంతోపాటు ఇంకో సంగతి బయటపడింది. ఫస్ట్ ఆఫీసర్ ముందు రాత్రి సియాటిల్ నుంచి దేశం ఈ చివరికి ప్రయాణించి వచ్చారు. కెప్టెన్ రాత్రి సిబ్బంది గదిలో గడిపారు. అలసట ఎంత పనిచేసిందో కచ్చితంగా చెప్పలేమని, పనితీరును దెబ్బతీసి ఉంటుందని మాత్రం నివేదిక చెప్పింది. 2010లో చట్టం, 2014 జనవరి 4 నుంచి ఇప్పటి పార్ట్ 117 వచ్చాయి. క్రాష్ ప్యాడ్ అద్దె కట్టడానికి వెనకాడేవాళ్లు ఆ నివేదిక చదవడం మంచిది.

మధ్యాహ్నం లగార్డియాలో పడమటి గాలి, 270 డిగ్రీల నుంచి 24 నాట్లు. రన్‌వే 31. పక్కగాలి 15 నాట్లు దాటింది, కాబట్టి ఇదీ కెప్టెన్‌దే. ఆ రన్‌వేకు ఎక్స్‌ప్రెస్‌వే విజువల్ అనే అప్రోచ్ (దిగే దారి) ఉంది. లాంగ్ ఐలండ్ ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా వచ్చి, బేస్‌బాల్ స్టేడియం దగ్గర తక్కువ ఎత్తులో ఎడమకు తిరిగి, అప్పుడు రన్‌వేకు ఎదురుగా రావాలి. రన్‌వే పొడవు ఏడు వేల అడుగులు, చివర నీళ్లు. ఫస్ట్ ఆఫీసర్ పని వేగం, ఎత్తు చూస్తూ తేడా కనిపించగానే పైకి చెప్పడం. నోరు మూసుకుని కూర్చుంటే 88 గంటలు 90 అయినా నేర్చుకున్నది ఉండదు.

3:15కి విడుదల. మరుసటి రోజు ఉదయం 10 నుంచి అర్ధరాత్రి వరకు షార్ట్ కాల్.

మూడో రోజు: లగార్డియా – వాషింగ్టన్ – లగార్డియా – బర్లింగ్టన్

చట్టం లెక్కలో 18 గంటల పైగా విశ్రాంతి. కాగితం మీద దివ్యంగా ఉంది. ఒంటి లెక్క వేరు. నిన్న 3కే లేచిన మనిషి రాత్రి 8కి కూలిపోతాడు, ఈరోజు 4కే మెలకువ వస్తుంది. ఇప్పుడతను అర్ధరాత్రి వరకు చురుగ్గా ఉండాలి. రిజర్వ్‌లో అసలు అలసట ఇక్కడుంది. నడిపే గంటలు తక్కువే, వేళలు తలకిందులు కావడమే చంపుతుంది. ఉదయం షిఫ్టు నుంచి సాయంత్రానికి మారిన రోజు పొద్దున మెలకువ వచ్చినా లేవకూడదు. కళ్లకు గంతలు, కిటికీకి మందపాటి తెర. మధ్యాహ్నం ఫోన్ రాకముందే ఒక గంటన్నర కునుకు. కాఫీ రాత్రి ట్రిప్పు కోసం దాచుకోవాలి, ఉదయం తాగేస్తే పడుకునే వీలు పోతుంది.

12:40కి ఫోన్. 2:40కి రిపోర్ట్. మూడు విమానాలు, రాత్రి బర్లింగ్టన్‌లో బస. షెడ్యూలర్‌తో మాట్లాడేటప్పుడు అడగాల్సినవి నాలుగు: ట్రిప్పు నంబరు, రిపోర్ట్ సమయం, డ్యూటీ ఎప్పటికి ముగియాలి, ముగిశాక మళ్లీ రిజర్వా లేక అక్కడినుంచి ట్రిప్పా. మూడోది మనమే లెక్కేసి వాళ్ల నోట చెప్పించుకోవాలి. ఇక్కడ పట్టిక ప్రకారం 12 గంటలు, అంటే రాత్రి 2:40. కానీ 10కి మొదలైన షార్ట్ కాల్‌కు 16 కలిపితే రాత్రి 2. కాబట్టి 2. షెడ్యూలర్లు మోసం చేస్తారని కాదు, ఒకేసారి ముప్పై మందిని కదుపుతుంటారు. సాఫ్ట్‌వేర్‌లో షార్ట్ కాల్ మొదలైన గంట తప్పుగా పడితే పట్టేది పైలట్ ఒక్కరే.

వాషింగ్టన్ నేషనల్ వెళ్లి వచ్చాక లగార్డియాలో ఇరుక్కుపోయింది. గాలివానకు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ రాకపోకలు తగ్గించి, ఒక్కో విమానానికి ఇన్ని గంటలకు టేకాఫ్ అని కేటాయించింది. ఆ సమయానికి ఐదు నిమిషాలు అటో ఇటో మాత్రమే వీలు. తలుపు మూయడం పది నిమిషాలు ఆలస్యమైతే ఆ చోటు పోతుంది, కొత్తది గంట తర్వాతే రావచ్చు. అందుకే కెప్టెన్లు ప్రయాణికులను లోపల కూర్చోబెట్టి సిద్ధంగా ఉంచుతారు, జనం విసుక్కున్నా సరే.

బర్లింగ్టన్‌లో గేటుకు చేరింది రాత్రి 11:10. విడుదల 11:25. ఉదయం 7కి రిపోర్ట్ అని రాసి ఉంది, అది కుదరదు. 10 గంటలు కావాలంటే 9:25. ఆ 10 గంటల్లో ఎవరూ కదిలించని 8 గంటల నిద్ర వీలు ఉండాలి. హోటల్ వ్యాను 25 నిమిషాలు ఆలస్యమైతే, గది తాళం పనిచేయకపోతే ఆ 8 తగ్గిపోతుంది. తగ్గితే వెంటనే ఫోన్ చేసి చెప్పాలి, రిపోర్ట్ ఇంకా జరుపుతారు. "ఎందుకులే గొడవ" అని ఊరుకుంటే చట్టం ఉల్లంఘించింది కంపెనీ ఒక్కటే కాదు, పైలట్ కూడా.

ఉదయం ఎనిమిది గంటల విమానానికి వచ్చినవాళ్లకు "సిబ్బంది విశ్రాంతి వల్ల ఆలస్యం" అని బోర్డు మీద కనిపిస్తుంది. ముందు రాత్రి లగార్డియాలో పోయిన రెండున్నర గంటలే అవి.

నాలుగో రోజు: బర్లింగ్టన్ – లగార్డియా – రిచ్‌మండ్

రాత్రంతా బయట గడ్డకట్టిన విమానం. అంత చలిలో తాగునీటి ట్యాంకు పగలకుండా రాత్రే ఖాళీ చేస్తారు, పొద్దున నింపారా అని అడగాలి. ఏపీయూ (తోకలో ఉండే చిన్న ఇంజిన్) స్టార్ట్ చేసి క్యాబిన్ వేడెక్కేదాకా చాలా సేపు పడుతుంది, స్క్రీన్లు మందకొడిగా వెలుగుతాయి. రెక్కల మీద పలచటి పొడి మంచు, ఊదితే పోయేటట్టు ఉన్నా డీ-ఐసింగ్ చేయాల్సిందే. టాక్సీ చేస్తుంటే పక్క నుంచి వెర్మాంట్ నేషనల్ గార్డ్ ఎఫ్-35లు లేస్తాయి, ఆ మోత హెడ్‌సెట్ దాటుకుని వస్తుంది.

9:25 రిపోర్ట్‌కు మూడు విమానాలతో 13 గంటలు, రాత్రి 10:25 వరకు. లగార్డియా, అక్కడినుంచి రిచ్‌మండ్, తిరిగి లగార్డియా. రిచ్‌మండ్‌లో దిగేసరికి న్యూయార్క్‌లో మంచు తుఫాను మొదలైంది. తిరుగు విమానం మొదట రెండు గంటలు వాయిదా, తర్వాత రద్దు.

డ్యూటీ పరిమితి దాటేలా ఉంటే కెప్టెన్, కంపెనీ ఒప్పుకుని టేకాఫ్‌కు ముందు రెండు గంటల వరకు పొడిగించవచ్చు. కానీ అరగంటకు మించి పొడిగింపు, 30 గంటల ఏకధాటి విశ్రాంతి దొరికే లోపు ఒక్కసారే. ఇప్పటికే వాడేశామా లేదా అన్నది ఎవరి లెక్క వాళ్లు పెట్టుకోవాలి. ఫస్ట్ ఆఫీసర్ అలసిపోయి ఉంటే "నేను ఫిట్‌గా లేను" అని చెప్పాలి. అప్పుడు పొడిగింపు ప్రసక్తే ఉండదు. ఫెటీగ్ కాల్ చేస్తే, అంటే అలసట వల్ల నడపలేనని చెబితే, ఫారం నింపమంటారు, ఎంత నిద్రపోయారు, ఎప్పుడు లేచారు అని. గుర్తున్నవి కాదు, ఫోన్‌లో రాసుకున్నవి వేస్తే ఆ ఫారం నిలుస్తుంది.

రద్దు తర్వాత సాయంత్రం 4కి విడుదల, రిచ్‌మండ్‌లో హోటల్. ఒక రోజు ట్రిప్పుకని ఒక్క చొక్కాతో వచ్చినవాళ్లు ఈ రాత్రి బాత్‌రూంలో చొక్కా ఉతుక్కుని హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టుకుంటారు.

ఐదో రోజు: రిచ్‌మండ్

ఏమీ లేదు. న్యూయార్క్ ఎయిర్‌పోర్టులు మూసుకుపోయాయి. పర్ డీమ్ మాత్రం గంటలెక్కన వస్తూనే ఉంటుంది.

ఒక్క సంగతి గమనించాలి. నిన్న సాయంత్రం 4 నుంచి ఈ రాత్రి 10 వరకు ఏ పనీ చెప్పకపోతే 30 గంటలు పూర్తయ్యాయి. ప్రతి 168 గంటల్లో ఒకసారి ఇలాంటి 30 గంటలు ఉండాలి. అది హోటల్ గదిలోనైనా చెల్లుతుంది, ఇంట్లోనే ఉండాలని లేదు. షెడ్యూలింగ్ ముందుగానే దీన్ని విశ్రాంతి అని రాసి పెడితే, వారం గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అంటే కంపెనీకి ఆరో రోజు ఇంకొంత వాడుకునే చోటు దొరికింది. ముందుగా చెప్పకుండా తర్వాత "అది విశ్రాంతే కదా" అంటే మాత్రం ఒప్పుకోకూడదు. ఆ గంటల్లో మనిషి ఫోన్ కోసం కూర్చుని ఉంటే అది విశ్రాంతి కాదు.

ఆరో రోజు: రిచ్‌మండ్ నుంచి ఇంటికి, దారి ఏదైతే అది

పథకం ప్రకారం మధ్యాహ్నం డెడ్‌హెడ్‌లో, అంటే ప్రయాణికుల సీట్లో కూర్చుని లగార్డియాకు. డెడ్‌హెడ్ డ్యూటీ కిందే లెక్క, విశ్రాంతి కాదు. దాని తర్వాత విమానం నడపాల్సి ఉంటే అది ఫ్లైట్ డ్యూటీలో కలుస్తుంది. నడిపేది ఏమీ లేకుండా చివర్లో వస్తే కలవదు. పట్టికలో విమానాల సంఖ్యలోకి మాత్రం ఎప్పుడూ రాదు.

ఇల్లు కేరీలో. రిచ్‌మండ్ నుంచి అద్దె కారులో మూడు గంటల లోపే. లగార్డియా వెళ్లి, తుఫాను మిగిల్చిన రద్దీలో జంప్ సీటుకు క్యూ కడితే రాత్రికి చేరతామో లేదో. చాలా కాంట్రాక్టుల్లో చివరి డెడ్‌హెడ్‌ను వదులుకుని ఉన్నచోటి నుంచే విడుదల కోరే వీలుంది. షరతులు రెండు: షెడ్యూలింగ్ అనుమతి మాటలు రికార్డయ్యే ఫోన్ లైనులో తీసుకోవాలి, ఆరోజు రిజర్వ్ బాధ్యత కూడా ముగిసిందని స్పష్టంగా అనిపించుకోవాలి. "డెడ్‌హెడ్ వదిలేయండి" అన్నారని కారెక్కితే, సాయంత్రం 6 వరకు లగార్డియా షార్ట్ కాల్‌లోనే ఉన్నట్టు సిస్టంలో ఉండొచ్చు. మూడింటికి ఫోన్ వస్తే రెండు గంటల్లో చేరడం అసాధ్యం, అది గైర్హాజరే.

తుఫాను మర్నాడు షెడ్యూలింగ్ సామాన్యంగా ఒప్పుకోదు. రిజర్వ్‌లు అయిపోయి ఉంటారు, లైను మీదున్న ప్రతి ఫస్ట్ ఆఫీసర్ కావాలి. కాబట్టి అడిగే వేళ ముఖ్యం. ఉదయం 7కి షిఫ్టు మారుతుంది, అప్పుడు ఎవరికీ తీరిక ఉండదు. తొమ్మిది దాటాక, రోజు పథకం ఒక కొలిక్కి వచ్చాక అడిగితే వినే చెవి దొరుకుతుంది. కాదంటే లగార్డియాకు వెళ్లడమే. దిగగానే ఫోన్ చేసి "ముందే విడుదల చేయగలరా?" అని అడగాలి. అడగనివాళ్లను 6 దాకా ఉంచేస్తారు. మర్చిపోయి కాదు, ఎవరూ అడగలేదు కాబట్టి.

రాలీకి సాయంత్రం విమానాలు మూడుంటే మూడింటికీ పేరు నమోదు చేయాలి. తుఫానుకు ఆగిపోయిన ప్రయాణికులతో సీట్లన్నీ నిండి ఉంటాయి. మిగిలేది జంప్ సీటు ఒక్కటే, దానికి ఇంటికి పోయే పైలట్లు ఇద్దరు ముగ్గురు. మరో కంపెనీ విమానం అయితే ఆ కంపెనీ పైలట్లకే మొదటి హక్కు. రాలీకి సీట్లు లేకపోతే గ్రీన్స్‌బరో చూడాలి, అక్కడినుంచి కేరీ గంటన్నర లోపు దారి. షార్లెట్ అయితే రెండున్నర గంటలు. సెలవు రోజు మొదలయ్యే అర్ధరాత్రి లోపు ఫోన్ మోగితే కాంట్రాక్టులో ఏముందో చూసుకోవాలి. కొన్నిచోట్ల విడుదల చేశాక ఎత్తనక్కర్లేదు, కొన్నిచోట్ల సిబ్బంది చాలకపోతే జూనియర్‌ను సెలవు రోజులోకి లాగే నిబంధన ఉంటుంది. దానికి అదనపు జీతం ఉంటుంది. ఫోన్ ఎత్తినవాళ్లకే ఆ నిబంధన వర్తిస్తుంది కాబట్టి, విడుదల అయిందని సిస్టంలో కనిపించాకే ఫోన్ సైలెంట్‌లో పెట్టాలి.